మూత మీద రాసిన పేరు: ఒక డయాగ్నస్టిక్ సెంటర్ ఇండెమ్నిటీ క్లెయిమ్ కేస్ స్టడీ

ఈ కేసులోని మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు వదిలేశాను. వయసులు, తేదీలు, డబ్బు లెక్కలు ఎవరూ ఆనవాలు పట్టలేనంతగా మార్చాను. జరిగిన క్రమాన్ని, పాలసీ షరతులను, ఒక్కో నిర్ణయం వెనుక మేము చేసిన ఆలోచనను మాత్రం ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. నేను ఒక జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలో చాలాకాలం పనిచేసి, ఇప్పుడు హనుమకొండలో ఉంటూ ఆసుపత్రులకు, ల్యాబులకు ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీల (వృత్తిలో జరిగే పొరపాటుకు కట్టాల్సిన పరిహారాన్ని భరించే బీమా) విషయంలో సలహాలిస్తుంటాను. ఇందులో నేను చేసిన తప్పు కూడా ఒకటి ఉంది. అది దాని సందర్భంలో వస్తుంది.

నేపథ్యం

ఎంజీఎం ఆసుపత్రి, కాకతీయ మెడికల్ కాలేజీ ఇక్కడ ఉండడం వల్ల ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ వైపు నుంచి రోగులు వరంగల్‌కే వస్తారు. రోగి రాలేని చోట సాంపిల్ వస్తుంది. మండల కేంద్రాల్లోని చిన్న నర్సింగ్ హోమ్‌ల పక్కన ఒక గది, ఒక ఫ్రిజ్, ఒక కుర్రాడితో నడిచే కలెక్షన్ సెంటర్లు పొద్దున తీసిన సాంపిళ్లను మధ్యాహ్నం బస్సుకు నగరంలోని ల్యాబుకు పంపుతాయి. మన కేసులోని డయాగ్నస్టిక్ సెంటర్‌కు ఇలాంటివి మూడు ఉండేవి. భాగస్వాములు ఇద్దరు: ఒకరు పాథాలజీలో (రక్తం, కణజాలం పరీక్షించి జబ్బు తేల్చే శాఖ) ఎండీ చేసిన డాక్టర్ గారు, రెండవవారు లెక్కలు, కొనుగోళ్లు, మనుషుల వ్యవహారం చూసుకునే భాగస్వామి.

వీరికి మెడికల్ ఎస్టాబ్లిష్‌మెంట్ కింద ఇండెమ్నిటీ పాలసీ ఉంది. ఒక్కో ఘటనకు 50 లక్షలు, ఏడాది మొత్తానికి కోటి రూపాయలు దాని పరిమితి. ఒక్కో క్లెయిమ్‌లో మొదటి 25 వేలు ల్యాబే భరించుకోవాలి. లాయరు ఖర్చులు కూడా ఆ పరిమితిలోపలే. 1,800 రూపాయల బిల్లు చేసే ల్యాబుకు ఇంత పరిమితి ఎందుకని రెండవ భాగస్వామి మొదట్లో అడిగారు. 1995లో సుప్రీంకోర్టు వి.పి. శాంతా కేసులో వైద్యసేవలను వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది. 2019 చట్టం వచ్చాక, ఏ వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలన్నది అడిగిన పరిహారాన్ని బట్టి గాక చెల్లించిన సొమ్మును బట్టి నిర్ణయమవుతోంది. అంటే 1,800 రూపాయల బిల్లు పట్టుకుని, ఫిర్యాదు రుసుము ఏమీ లేకుండానే, జిల్లా కమిషన్‌లో అరకోటి అడగవచ్చు. బిల్లును చూసి కాదు, ఆ రిపోర్టును నమ్మి డాక్టరు ఏం చేస్తాడో చూసి పరిమితి పెట్టుకోవాలని అప్పుడు చెప్పాను.

ఈ పాలసీ స్వభావం తెలియకపోతే మిగతా కేసు అర్థం కాదు. బండి ఇన్సూరెన్స్‌లో ప్రమాదం జరిగిన రోజున పాలసీ ఉందా అని చూస్తారు. ఇక్కడ క్లెయిమ్ వచ్చిన రోజున పాలసీ అమల్లో ఉండాలి, తప్పు జరిగిన రోజు రెట్రోయాక్టివ్ తేదీ (పాలసీ వెనక్కి ఏ రోజు దాకా కవర్ చేస్తుందో ఆ తేదీ) తర్వాతిదై ఉండాలి. ఈ రెండింటి మధ్య ఒక వంతెన ఉంటుంది. ఫలానా ఘటన వల్ల రేపు క్లెయిమ్ రావచ్చని పాలసీ నడుస్తుండగానే కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేస్తే, ఆ క్లెయిమ్ ఎప్పుడు వచ్చినా ఆ పాత పాలసీలో వచ్చినట్టే లెక్క. కొన్న వాళ్లలో ఈ షరతు చదివిన వారిని నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

ఎదురైన సమస్య

జనవరి చివరివారంలో ఒకే కలెక్షన్ సెంటర్ నుంచి, ఒకే రోజున, ఒకే పేరు గల ఇద్దరు ఆడవాళ్ల రొమ్ము గడ్డల బయాప్సీలు వచ్చాయి. మన పల్లెల్లో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు మొదటి అక్షరం కలవడం వింతేమీ కాదు. ఒకామెకు 22 ఏళ్లు, మరొకామెకు 46 ఏళ్లు. చిన్నామెకు కార్సినోమా, అంటే క్యాన్సర్ అని, పెద్దామెకు ఫైబ్రోఅడినోమా అని, అంటే ప్రమాదం లేని గడ్డ అని, ఫిబ్రవరి మొదట్లో రిపోర్టులు వెళ్లాయి.

చిన్నామె సర్జన్ అనుభవజ్ఞుడు. తాను తీసిన గడ్డ నున్నగా, వేలికింద జారిపోయేదిగా ఉన్నదని, దానికి ఈ రిపోర్టు పొసగదని అనుమానించి, ఆపరేషన్ మాటెత్తకుండా బ్లాకులను, అంటే మైనంలో పొదిగి దాచిన కణజాలం ముక్కలను, హైదరాబాద్‌లో మళ్లీ చూపించాడు. ఫిబ్రవరి చివరికి, ఆ బ్లాకులోని కణజాలం ఆమెది కాదని తేలింది. మార్చి మొదటివారంలో ఆమె అన్న నలుగురితో వచ్చి ల్యాబులో కూర్చున్నాడు. రెండవ భాగస్వామి బిల్లు వాపసు ఇచ్చి, పైన 40 వేలు చేతిలో పెట్టి, "మా పొరపాటు వల్లనే జరిగింది, చింతిస్తున్నాము" అని లెటర్‌హెడ్ మీద రాసిచ్చి పంపారు. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేశారు.

నా తప్పు ఇక్కడే. "సెటిలై పోయింది గదా, ఇప్పుడు కంపెనీకి రాస్తే ప్రీమియం పెంచుతారు, ఊకోండి" అన్నాను. నేను ఆ ఫోన్‌ను డబ్బు తగాదాగా విన్నాను. రిపోర్టుగా వినలేదు.

మార్చి 31 అర్ధరాత్రికి పాలసీ ముగుస్తుంది. మార్చి 19న రెన్యువల్ ప్రపోజల్ ఫారం నింపడానికి వారి ఆఫీసులో కూర్చున్నాం. క్లెయిమ్‌కు దారితీయగల ఘటన ఏదైనా మీ ఎరుకలో ఉందా అనే ప్రశ్న దగ్గర పెన్ను ఆగింది. చిన్నామె విషయం రాయాలా వద్దా అని ఆలోచిస్తుండగా నా నోటి నుంచి ఒక ప్రశ్న వచ్చింది: "ఆ క్యాన్సర్ ముక్క ఆమెది కాకపోతే, మరి ఎవరిది డాక్టర్ గారూ?"

ఆయన కాసేపు బల్ల మీది గాజు పలకకేసి చూశారు. "నేను కూడా అదే అనుకుంటున్నా" అన్నారు. అనుకోవడమే కాదు, రెండవ భాగస్వామికి చెప్పారు కూడా. ఆయన ఆగుదామన్నారు. మూడు వారాలు ఆగారు.

సమాచారం చెప్పడం, బాధ్యత ఒప్పుకోవడం

రెండవ భాగస్వామి చెడ్డవాడు కాదు, భయపడ్డవాడు. "మనంతట మనమే పోయి చెప్తే మనల్ని మనమే పట్టిచ్చుకున్నట్టు గాదా అన్నా? పాలసీల ఒప్పుకోవద్దని ఉంది గదా" అని ఆయన వాదన. ఆ షరతు నిజమే. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా బాధ్యత ఒప్పుకోకూడదు, సొమ్ము ఇవ్వకూడదు, రాజీ పడకూడదు. అయితే ఆ షరతు నిషేధించేది చట్టపరమైన బాధ్యతను ఒప్పుకోవడాన్ని. రోగికి ఆమె ఒంట్లో ఉన్న జబ్బు గురించి చెప్పడాన్ని నిషేధించే షరతు ఏ పాలసీలోనూ నేను చూడలేదు.

కేవలం బీమా కోణంలో చూసినా మౌనం నష్టమే. పెద్దామెకు చికిత్స ఆలస్యమైన ప్రతి రోజూ పరిహారాన్ని పెంచుతుంది. నష్టం పెరగకుండా తగిన జాగ్రత్త పడడం బీమా చేయించుకున్నవారి విధి. అంతకంటే పెద్ద చిక్కు మరొకటుంది. తెలియక చేసిన పొరపాటును ఈ పాలసీ భరిస్తుంది. తెలిసీ దాచినది పొరపాటు కిందికి రాదు. ఆ మూడు వారాలు నాలుగో వారంలోకి, రెండో నెలలోకి పోయి ఉంటే కంపెనీ ఈ క్లెయిమ్‌ను చేతితో ముట్టేది కాదు, తప్పు పట్టడానికి నా దగ్గర కూడా మాట ఉండేది కాదు.

మరుసటి రోజు పొద్దున్నే డాక్టర్ గారు పెద్దామె సర్జన్‌కు స్వయంగా ఫోన్ చేశారు. ఆ వెంటనే సవరించిన రిపోర్టు, దానితో పాటు నాలుగు వాక్యాల ఉత్తరం పంపారు. ఆ నాలుగు వాక్యాల కోసం మేము గంటన్నర కూర్చున్నాం. ఫలానా నంబరు రిపోర్టు ఆ రోగి కణజాలానికి చెందినది కాకపోవచ్చని మా పునఃపరిశీలనలో తేలింది. ఆ రిపోర్టు మీద ఆధారపడవద్దు. వెంటనే మళ్లీ బయాప్సీ చేయించండి. ఆ పరీక్షకు మా వద్ద రుసుము ఉండదు. "మా నిర్లక్ష్యం", "మా తప్పు", "నష్టపరిహారం" అనే మాటలు అందులో లేవు. దాచిన విషయమూ లేదు. వారంలోపు కార్సినోమా అని నిర్ధారణ అయింది.

విఫలమైన మొదటి నోటీసు

కంపెనీకి నేను పంపిన మొదటి ఈమెయిల్ పనికిరాలేదు. మార్చి 21న, "ఒక రిపోర్టు విషయంలో తారుమారు జరిగి ఉండవచ్చు, భవిష్యత్తులో క్లెయిమ్ వచ్చే అవకాశాన్ని కొట్టిపారేయలేము" అని రాశాను. జాగ్రత్తగా రాశాననుకున్నాను. 24న జవాబు వచ్చింది: ఇది ఘటన సమాచారంగా పరిగణించడానికి వీలుకాదు, వివరాలు లేవు. వాళ్లన్నది న్యాయమే. ఇలాంటి గోడమీద పిల్లి ఉత్తరాన్ని ఒప్పుకుంటే, ప్రతి ల్యాబూ మార్చి నెలాఖరున "ఏమైనా జరగవచ్చు" అని ఒకటి పంపి ఏడాదంతటినీ పాత పాలసీకి కట్టేస్తుంది.

రెండవది 26న సిద్ధమైంది. సాంపిల్ అందిన తేదీ, రెండు రిజిస్టర్ నంబర్లు, రెండు రిపోర్టుల తేదీలు, తారుమారు ఎలా బయటపడింది, ఎవరి నుంచి క్లెయిమ్ రావచ్చు, ఏ రకమైన నష్టం గురించి రావచ్చు, ల్యాబుకు మొదట ఎప్పుడు తెలిసింది అన్నీ అందులో ఉన్నాయి. చివరి అంశం రాయడానికి భాగస్వాములు వెనకాడారు, ఎందుకంటే ఫిబ్రవరి చివర అని రాస్తే మూడు వారాల మౌనం కాగితం మీదికి వస్తుంది. అది రాయకపోతే రేపు హైదరాబాద్ రివ్యూ రిపోర్టు తేదీయే రాస్తుందని చెప్పి ఒప్పించాను. చిన్నామెకు ఇచ్చిన 40 వేలు, ఆ లెటర్ కాపీ కూడా జతచేశాం. 27న పాలసీ ఇచ్చిన ఆఫీసుకు నేనే వెళ్లి ఇన్‌వార్డ్ విభాగంలో ముద్ర, తేదీ, సంతకం వేయించుకున్నాను. ఈమెయిల్ చాలదా అని అక్కడి క్లర్కు విసుక్కున్నాడు. పాలసీ ముగియడానికి నాలుగు రోజులుంది.

ఈ నాలుగు రోజులు దాటి ఉంటే? కొత్త పాలసీ మొదలయ్యే నాటికే తెలిసిన ఘటనను కొత్త పాలసీ ఒప్పుకోదు. క్లెయిమ్ ఇంకా రాలేదు కాబట్టి పాత పాలసీకి అది పట్టదు. రెంటికీ చెడ్డ రేవడి. పాలసీ ముగిశాక 90 రోజుల్లోపు తెలియజేసే వెసులుబాటు కాగితంలో ఉంది. కానీ అది రెన్యువల్ చేయించని వాళ్లకు, వేరే బీమా అమల్లో లేని వాళ్లకు.

అదే వారంలో మరొక ప్రలోభం ఎదురైంది. వేరే కంపెనీ ఏజెంటు మూడో వంతు తక్కువ ప్రీమియం కొటేషన్ తెచ్చాడు. రెండవ భాగస్వామికి ముచ్చట పుట్టింది. కొటేషన్ రెండో పేజీలో రెట్రోయాక్టివ్ తేదీ అని ఉన్నచోట పాలసీ మొదలయ్యే తేదీయే వేసి ఉంది. అంటే గడిచిన ఏడేళ్లలో ఇచ్చిన రిపోర్టులు అన్నింటి మీదా కవర్ ఒక్క సంతకంతో పోతుంది. ఫిర్యాదుకు చట్టం రెండేళ్ల గడువు ఇస్తుంది, తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నిస్తుంది కూడా. ఆదా అయ్యే ప్రీమియం పక్కన, గత రెండేళ్లలో వెళ్లిన బయాప్సీ రిపోర్టుల సంఖ్యను కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టాను. పాత కంపెనీలోనే రెన్యువల్ అయింది. కొత్త పాలసీలో ఈ ఘటనను మినహాయిస్తూ షరతు పెట్టారు. పెట్టనిచ్చాం. అది పాత పాలసీలో భద్రంగా ఉంది.

క్లెయిమ్, కంపెనీ అభ్యంతరాలు

పద్నాలుగు నెలల తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ నుంచి నోటీసు వచ్చింది. పెద్దామె, ఆమె భర్త కలిసి 48 లక్షలు అడిగారు. నర్సింగ్ హోమ్ మొదటి ప్రతివాది, డయాగ్నస్టిక్ సెంటర్ రెండవది, డాక్టర్ గారు మూడవవారు. ఆ కవరు రిసెప్షన్ డ్రాయర్‌లో కరెంటు బిల్లుల కింద పన్నెండు రోజులు పడి ఉంది. లిఖిత సమాధానానికి ఉన్నది 30 రోజులు, కమిషన్ దయతలిస్తే మరో 15. ఆ 45 దాటితే ఎవరూ పొడిగించలేరని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. కాబట్టి కంపెనీతో వాదన తేలేదాకా ఆగకుండా, కంపెనీకి తెలియజేసి, వారి ప్యానెల్ వకీలు చేతనే ముందు సమాధానం వేయించాలని పట్టుబట్టాం. 28వ రోజున వేశారు.

కంపెనీ మూడు అభ్యంతరాలు లేవనెత్తింది. (ముందుగా వాళ్లు చూసింది రిపోర్టు మీద ఎవరి సంతకం ఉందన్నది. పాథాలజీ రిపోర్టుపై సంతకం ఆ విభాగంలో పీజీ చేసిన రిజిస్టర్డ్ డాక్టరే చేయాలని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అర్హత లేనివారి పనికి పాలసీ వర్తించదు. సంతకం డాక్టర్ గారిదే కావడంతో ఆ ప్రశ్న అక్కడే ముగిసింది.)

మొదటిది, క్లెయిమ్ ఈ ఏడాది వచ్చింది, ఈ ఏడాది పాలసీలో ఈ ఘటనకు మినహాయింపు ఉంది కాబట్టి చెల్లదని. ముద్ర వేసిన 27వ తేదీ కాపీ చూపించాం. ఉత్తరాలు ఒకటి రెండు అటూ ఇటూ నడిచాక ఫైలు పాత పాలసీకి మారింది.

రెండవదానికి చెమటలు పట్టాయి. పాలసీ షెడ్యూల్‌లో, అంటే వివరాల పట్టికలో, ప్రధాన ల్యాబు చిరునామా ఒక్కటే ఉంది, తప్పు కలెక్షన్ సెంటర్‌లో జరిగింది, అది బీమా చేసిన స్థలం కాదు అన్నారు. మూడు సెంటర్లను షెడ్యూల్‌లో ఎక్కించమని నేను ఎప్పుడో చెప్పాను గానీ, ఎక్కించారో లేదో చూడలేదు. ఇప్పుడు తేలాల్సింది ఒక్కటే: తారుమారు నిజంగా ఎక్కడ జరిగింది? జవాబు మాకు అనుకూలంగా రాకపోవచ్చని తెలిసే వెతికాం.

కలెక్షన్ సెంటర్ కుర్రాడు రెండు డబ్బాలకూ పేరు, ఊరు, వయసు సరిగ్గానే రాశాడు. కానీ డబ్బా ఒంటి మీద కాదు, మూత మీద మార్కర్‌తో రాశాడు. ల్యాబులో అదే రోజు రిజిస్టర్‌లో రెండు నంబర్ల ఎదుట ఒకే చేతిరాతతో ఒక మాట కనిపించింది: "ఫార్మలిన్ తక్కువ, పోసితిమి". కణజాలం చెడకుండా ముంచి ఉంచే ద్రవం ఫార్మలిన్. టెక్నీషియన్‌ను పిలిచి, రెండు ఖాళీ డబ్బాలిచ్చి, ఆ రోజు ఏం చేశావో చేసి చూపించమన్నాం. డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా) చదివిన, ఆరేళ్ల అనుభవమున్న పిల్లాడు. రెండు డబ్బాలను పక్కపక్కన పెట్టాడు. రెండు మూతలూ తీసి బల్ల మీద బోర్లించాడు. సీసాలోంచి రెండింటిలోనూ ఫార్మలిన్ పోశాడు. బోర్లించిన రెండు మూతలూ ఒకే తెలుపు. పేర్లు బల్లవైపు ఉన్నాయి. చేయి చాచి దగ్గరున్న మూతను దగ్గరున్న డబ్బాకు బిగించబోయి ఆగిపోయాడు. ఆ తర్వాత ఎవరూ అతన్ని ఏమీ అడగలేదు.

గ్రాసింగ్ నోట్, అంటే ముక్కను కోసేటప్పుడు కంటికి కనిపించినది రాసుకునే కాగితం, దీన్ని బలపరిచింది. పెద్దామె నంబరు కింద నున్నని, గుండ్రని, రెండున్నర సెంటీమీటర్ల గడ్డ అని రాసి ఉంది. ఆమె సర్జన్ పంపిన కాగితంలో గట్టి గడ్డ నుంచి చిన్న ముక్క తీశామని ఉంది. ఆ కాగితం రిసెప్షన్‌లో బిల్లుకు క్లిప్ చేసి ఉండిపోయింది, గ్రాసింగ్ బల్ల దాకా రాలేదు. అంటే తప్పు జరిగిందీ, దాన్ని పట్టుకోగల అవకాశం చేజారిందీ ప్రధాన ల్యాబులోనే, షెడ్యూల్‌లో రాసి ఉన్న గోడల మధ్యనే. ఇది ల్యాబుకు సిగ్గుచేటు, పాలసీకి రక్ష. కంపెనీ ఇన్వెస్టిగేటర్ రిజిస్టర్ చూసి, టెక్నీషియన్ వాంగ్మూలం తీసుకుని, అభ్యంతరం వదిలేశాడు.

మూడవది, చిన్నామెకు రాసిచ్చిన "మా పొరపాటు" లెటర్ షరతు ఉల్లంఘన అని. ఆ 40 వేలను కంపెనీ ఇవ్వనంది. అది సబబే కాబట్టి నేను వాదించలేదు. బిల్లు వాపసు ఎలాగూ పరిహారం కిందికి రాదు. అయితే ఆ లెటర్ చిన్నామె విషయంలోనిది. పెద్దామెకు పంపినదాంట్లో ఒప్పుకోలు ఏదీ లేదు. ఆ నాలుగు వాక్యాలను ఈ లెటర్ పక్కన పెట్టి పోల్చి చదివాక కంపెనీ తన హక్కులు తాను అట్టిపెట్టుకుంటూనే కేసును చేతిలోకి తీసుకుంది.

ముగిసిన తీరు

తప్పు జరగలేదని వాదించే ఉద్దేశం ఎవరికీ లేదు. మిగిలిన ప్రశ్న, ఏడు వారాల ఆలస్యం వల్ల ఎంత నష్టం జరిగిందన్నది. ఆ ఆలస్యంలో జబ్బు దశ మారినట్టు ఆధారం లేదని ఆంకాలజిస్టు (క్యాన్సర్ డాక్టరు) అభిప్రాయమిచ్చారు. గడ్డ చేతికి గట్టిగా తగులుతున్నప్పుడు, రిపోర్టు ప్రమాదం లేదని చెబుతున్నప్పుడు, ఆ పొసగనితనాన్ని పెద్దామె సర్జన్ కూడా ప్రశ్నించి ఉండాల్సిందని మన వకీలు ఎత్తిచూపారు. చిన్నామె సర్జన్ చేసింది సరిగ్గా అదే. అవతలి వకీలు మాత్రం ఏడు వారాలను వదిలి చివరి మూడు వారాలనే పట్టుకున్నాడు. తెలిసి ఎందుకు చెప్పలేదన్న ప్రశ్నకు మా వైపు జవాబు లేదు. ఆ మూడింటిలో రెండు వారాలు నా ఫోన్ సలహా తర్వాతివి.

అందుకే తీర్పు దాకా పోవద్దని నేను, వకీలు ఇద్దరమూ కంపెనీకి రాశాం. మరణానికి లేదా తీవ్ర గాయానికి దారితీసిన వైద్య నిర్లక్ష్యం కేసులను మీడియేషన్‌కు, అంటే మధ్యవర్తి దగ్గర రాజీకి, పంపకూడదని నిబంధన ఉంది. ఇది ఆ కోవలోకి రాదని కమిషన్ భావించి పంపింది. మూడో కూర్చోవడంలో మొత్తం 7 లక్షలకు కుదిరింది. ల్యాబు వంతు 5, నర్సింగ్ హోమ్ వంతు 2. సంతకానికి ముందే కంపెనీ రాతపూర్వక అనుమతి చేతిలో పెట్టుకున్నాం. 25 వేలు ల్యాబు కట్టింది, మిగతాది కంపెనీ ఇచ్చింది. పెద్దామె భర్త కాగితం మీద సంతకం పెడుతూ, "ఆ రోజు డాక్టరు సారు ఫోన్ చేయకపోతే మేము ఇంకా ఆ రిపోర్టు పట్టుకునే ఉండేటోళ్లం" అన్నాడు. మెచ్చుకున్నాడో నిష్ఠూరమాడాడో నాకు అర్థం కాలేదు.

ఈ కేసు నుంచి నా పనిలోకి వచ్చినవి

ఏ ల్యాబు నుంచి ఫోన్ వచ్చినా ఇప్పుడు డబ్బు సంగతి చివర అడుగుతాను. మొదట అడిగేది, ఈ రిపోర్టును నమ్మి ఇప్పుడు ఎవరు ఏం చేస్తున్నారు అని. తారుమారు అంటే ఎప్పుడూ ఇద్దరు రోగులు. వచ్చి గొడవ చేసేవాడు ఒకడే ఉంటాడు కాబట్టి రెండవవాడు గుర్తుకు రాడు.

ప్రీమియం పెరుగుతుందన్న భయంతో సమాచారం ఆపమని ఎవరికీ చెప్పడం లేదు. ఈ ల్యాబుకు ఆ ఏడాది రెన్యువల్‌లో పెరిగిన ప్రీమియం, వాళ్లు చిన్నామె అన్న చేతిలో పెట్టిన 40 వేలకంటే తక్కువ. పాలసీ ముగియడానికి నెల ముందు ప్రతి క్లయింటుతోనూ గంటసేపు కూర్చుని, ఏడాదిలో సవరించి ఇచ్చిన రిపోర్టుల జాబితా తీయిస్తాను. ఘటనలు ఫిర్యాదుల ఫైల్లో కంటే అందులోనే ఎక్కువ దొరుకుతాయి.

ల్యాబులో మూతల మీద రాయడం మానేశారు. పేరు, రిజిస్టర్ నంబరు రెండూ డబ్బా ఒంటికి అతికిస్తారు, ఒక డబ్బా మూత పెట్టనిదే రెండోదాని మూత తీయరు, సర్జన్ కాగితం డబ్బాతోనే గ్రాసింగ్ బల్ల మీదికి వస్తుంది. కోర్టు కవర్లకు రిసెప్షన్‌లో ప్రత్యేకంగా ఒక రిజిస్టర్ పెట్టారు. మూడు కలెక్షన్ సెంటర్లనూ షెడ్యూల్‌లో చేర్చమని కంపెనీకి రాశాం. ఆ మార్పు చేర్చిన కాగితం, ఎండార్స్‌మెంట్, వచ్చింది. చూస్తే ఒక సెంటర్ ఊరి పేరు తప్పు పడింది, అదే పేరుతో పక్క జిల్లాలో ఉన్న ఊరిని వేశారు. దిద్ది ఇవ్వమని వెనక్కి పంపాను.